వంటచెరకునకు తగిన గొడ్డలి

ఒక వస్తువు ఎంత పాతదైనచో అంతగా దానిని గురించి ఆలోచించుట మానివేయుదుము. గొడ్డలి అట్టి వస్తువు. రేడియో కొనుటకు నాలుగు దుకాణములు తిరిగి, పదిమందిని సలహా అడిగిన గృహస్థుడే, గొడ్డలి కావలసి వచ్చినప్పుడు సంతలో మొదట చేతికందిన దానిని బేరమాడి ఇంటికి తెచ్చుకొనును. రేడియో చెడిపోయినచో పాట వినపడదు, అంతే. గొడ్డలి తల కామనుండి ఊడి ఎగిరినచో అది ఎవరిని తాకునో చెప్పజాలము. కనుక ఈ చిన్న పనిముట్టును ఎన్నుకొనుటలో గమనింపదగిన సంగతులను నేడు కొంచెము తీరికగా విచారింతము.

మన పాల్వంచ ప్రాంతమున ఒకవైపు విద్యుత్కేంద్రము, మరియొకవైపు కిన్నెరసాని అడవులు. 1999లో దీపం పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చిన పిమ్మట ఎన్నో ఇండ్లలోనికి గ్యాసుపొయ్యి చేరినది. అయినను వంటచెరకు అవసరము తీరిపోలేదు. స్నానమునకు నీళ్ళు కాచుటకు, పెండ్లివంటలకు, పశువుల దాణా ఉడికించుటకు నేటికిని కట్టెలపొయ్యియే దిక్కు. కార్తికమాసమున వనభోజనములకు పోవువారు, రెండేండ్లకొకసారి మాఘమాసమున మేడారము జాతరకు పోయి చెట్లక్రింద గుడారములు వేసికొని రెండు మూడు దినములు అచ్చటనే వండుకొని తినువారు, తమ సామానులో ఒక గొడ్డలిని తప్పక ఉంచుకొందురు. ఇంటి పెరటికిని, బయటి విడిదికిని రెంటికిని ఉపయోగపడు గొడ్డలి ఎట్లుండవలెను? ఇదియే మన ప్రశ్న.

అసలు విషయమునకు పోవుటకు ముందు ఒక హెచ్చరిక. చేత గొడ్డలి ఉన్నంతమాత్రమున అడవి మనది కాదు. కిన్నెరసాని అభయారణ్యము 1977లో ఏర్పడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అభయారణ్యములోనికి అనుమతి లేక ఆయుధముతో ప్రవేశింపరాదు. ఆ చట్టమున ఆయుధమను మాటకు తుపాకి మాత్రమే అర్థము కాదు. కత్తులును, జంతువును గాయపరచగల ఇతర సాధనములును అందులో చేరును. కనుక విహారమునకు పోవువారు కట్టెలను ఊరిలోనే కొని, చీల్చి, మోపుగట్టి తీసికొనిపోవుట ఉత్తమము. సారపాక కాగితపు మిల్లు కొరకు రైతులు పెంచు జామాయిలు, సుబాబులు తోటలలో మిగిలిన కొమ్మలు, మొదళ్ళు ఈ ప్రాంతమున వంటచెరకుగా లభించును.

ఇక పరిమాణము. గొడ్డళ్ళను స్థూలముగా మూడు తరగతులుగా భావింపవచ్చును. మొదటిది ఒంటిచేత పట్టదగిన చేతిగొడ్డలి. దీని తల అరకిలో మొదలు ముప్పాతిక కిలో వరకు, కామ ముప్పది నలుబది సెంటీమీటర్లు ఉండును. పుల్లలు చీల్చుటకు, చేతి మణికట్టంత లావుగల కొమ్మలు నరకుటకు ఇది చాలును. రెండవది మధ్యరకము. తల ఒక కిలో మొదలు కిలోంబావు వరకు, కామ యాబది అరువది సెంటీమీటర్లు. మూడవది పెద్ద గొడ్డలి. కిలోన్నర మొదలు రెండు కిలోల తల, ముప్పాతిక మీటరు మొదలు తొంబది సెంటీమీటర్ల వరకు కామ. మొద్దులను చీల్చుట దీని పని.

చిన్న గొడ్డలి అపాయము లేనిదని పలువురి నమ్మకము. నిజమునకు విషయము తారుమారుగా నున్నది. పొడుగు కామగల గొడ్డలి గురి తప్పినచో దాని వాదర సాధారణముగా నేలను తాకును. పొట్టి కామగల గొడ్డలి గురి తప్పినచో అది వృత్తాకారముగా వెనుకకు తిరిగి మన మోకాలినో, కాలిపిక్కనో చేరును. కనుక చేతిగొడ్డలితో పనిచేయువారు నిలువబడి కాక మోకాళ్ళపై కూర్చుండి పనిచేయుట మేలు. ఒక్క గొడ్డలితోనే ఇంటిపనియు, విడిదిపనియు జరుపుకొనదలచినవారు మధ్యరకమును ఎన్నుకొనవలెను. అది సంచిలో ఇముడును. రెండు చేతులతోను పట్టుకొనవచ్చును.

తరువాత ఆకారము. నరకుట వేరు, చీల్చుట వేరు. కొమ్మను అడ్డముగా నరకునప్పుడు గొడ్డలి కొయ్యపోగులను తెగగోయవలెను. అందుకు పలుచని తల కావలెను. మొద్దును నిలువునా చీల్చునప్పుడు పోగులను కోయ నక్కరలేదు, ఎడము చేసిన చాలును. అందుకు వాదర వెనుక బుగ్గలు ఉబ్బిన మందపు తల కావలెను. పలుచని గొడ్డలితో మొద్దును కొట్టినచో అది లోనికి దిగి కూరుకొనిపోవును, పెకలించుటకే సగము బలము వ్యర్థమగును. మందపు గొడ్డలితో పచ్చికొమ్మను కొట్టినచో ఎగిరి పక్కకు పోవును. వంటచెరకు ప్రధానమైనవారు కొంచెము మందమైన తలనే కోరవలెను. జామాయిలు కొయ్యలో పోగులు ఒకదానితో నొకటి మెలికలు పడి యుండును. అది ఎండినకొలది చీలుట కష్టము. కనుక పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి ఎండబెట్టవలెను.

మూడవ విషయము ఉక్కు. ఉక్కును గురించి తెలుగుదేశమునకు ఇతరులు చెప్పవలసినది లేదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి తీసిన ఉక్కుకొరకు ఒకప్పుడు పారసీకమునుండి వర్తకులు వచ్చెడివారు. అచ్చటి పద్ధతిని వాయిసీ అను ఆంగ్లేయుడు కన్నులార చూచి వ్రాసిన వర్ణనము 1832లో ప్రకటితమైనది. ఇంగ్లండులో మైకేల్ ఫారడే వంటి శాస్త్రజ్ఞుడు 1819లో ఈ జాతి ఉక్కును పరీక్షించినాడు. అయితే ఖడ్గమునకు ప్రసిద్ధికెక్కిన ఆ ఉక్కు గొడ్డలికి ఆదర్శము కాదు. అందు కర్బనము మిక్కుటము, కాఠిన్యము ఎక్కువ. గొడ్డలి కోయుటయే కాక దెబ్బను ఓర్చుకొనవలెను. మిక్కిలి గట్టిదైన వాదర కణుపు తగిలినచో పెళ్ళుగా విరుగును. మిక్కిలి మెత్తనిది వంగి మడతపడును. ఈ రెంటికి నడుమ నున్నదే మంచి గొడ్డలి.

నేటి మన కమ్మరులు పెక్కుమంది పాత లారీ కమానుపట్టీలను కాచి, సమ్మెటతో సాగగొట్టి గొడ్డళ్ళు చేయుచున్నారు. ఇందు తక్కువచూపు చూడవలసినది లేదు. కమానుపట్టీ ఉక్కు దెబ్బలు ఓర్చుటకే పుట్టినది. అయితే నైపుణ్యమంతయు నీరు పట్టించుటలో నున్నది. ఎఱ్ఱగా కాచి ముంచిన ఉక్కు గాజువలె పెళుసగును. దానిని మరల మెల్లగా వేడిచేయుదురు. అప్పుడు మెరుగుపెట్టిన అంచుమీద మొదట ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమరంగు, ఆపైన ఊదా, తుదకు నీలము వరుసగా కనబడును. గోధుమరంగు ఊదాలోనికి తిరుగు సమయమున ఆపినచో గొడ్డలికి తగిన పదును నిలుచును. అందుచేత గొడ్డలి చేయించుకొనువారు కొలిమివద్ద తొందరపెట్టరాదు.

తయారైన గొడ్డలిని కొనువారికి రెండు సులభమైన పరీక్షలు కలవు. తలను దారముతో వ్రేలాడదీసి చిన్న ఇనుపముక్కతో తట్టవలెను. గంటవలె స్పష్టమైన నాదము వచ్చినచో మంచిది. బొంగురు శబ్దము వచ్చినచో లోపల పగులుండవచ్చును. రెండవది ఆకురాయి పరీక్ష. వాదరమీద ఆకురాయిని లాగినప్పుడు అది కొంచెము పట్టుచు సాగవలెను. గాజుమీదవలె జారిపోయినచో ఉక్కు అతి కఠినము. మామూలు ఇనుమువలె తేలికగా అరిగిపోయినచో అతి మృదువు. తలకు దట్టముగా రంగుపూసి మెరిపించిన గొడ్డలి చూపునకు అందముగా నుండును గాని, ఆ రంగు అడుగున ఏమున్నదో చూడనీయదు.

ఇక కామ. కులానికి గొడ్డలికామ చేటు అని సామెత. చెట్టునుండి పుట్టి చెట్టునే నరకుటకు తోడ్పడునని దాని భావము. కాని గొడ్డలిపట్టినవాని క్షేమము మాత్రము ఆ కామ మీదనే ఆధారపడియున్నది. మన అడవులలోని చిరుమాను, తడ అను జాతుల కొయ్య ఈ పనికి పేరుపొందినది. దెబ్బ తగిలినప్పుడు కొంచెము వంగి, మరల నిలుచు గుణము వానికి కలదు. ఏ కొయ్యయైనను గమనింపవలసినవి మూడు. కణుపులు ఉండరాదు. పోగులు ఈ కొననుండి ఆ కొనవరకు నిడుపుగా సాగవలెనే గాని నడుమ పక్కకు జారిపోరాదు. కామ అడుగుకొనను చూచినప్పుడు కనబడు గీతలు వాదర దిక్కుగానే సాగవలెను. అడ్డముగా సాగినచో ఒకనాడు కామ విరుగును. పచ్చికొయ్యతో చేసిన కామ ఎండి సన్నబడి తలను వదులు చేయును. కనుక బాగుగా ఎండిన కొయ్యనే కోరవలెను.

తల బిగించు పద్ధతులు రెండు. కొన్నింటిలో కామను క్రిందనుండి దూర్చి, పైకొనను చీల్చి, చీల దిగగొట్టుదురు. కొన్నింటిలో లావైన కొన పైకి ఉండునట్లు కామను పైనుండి దించుదురు. వేటు వేసినకొలది తల బిగియును. రెండును మంచివే. తల కదలుచున్నదని గొడ్డలిని రాత్రి నీళ్ళలో వేసి ఉంచుట మనలో ఒక వాడుక. ఆ బిగువు మరునాటి మాట మాత్రమే. నీటికి ఉబ్బిన కొయ్య రంధ్రములో నలిగి, ఎండిన పిమ్మట మునుపటికంటె వదులగును. అవిసెనూనె పట్టించుటయో, కొత్త చీల దిగగొట్టుటయో సరియైన మార్గము. కొయ్యకు మారుగా ఇనుపగొట్టమును అతికించిన గొడ్డళ్ళు చవుకగా దొరకును గాని, అవి ప్రతి దెబ్బను మణికట్టునకు చేర్చును. అతుకు ఎప్పుడు విడునో తెలియదు.

మంచి గొడ్డలి వచ్చినంతనే మంచి పని జరుగదు. మోకాలెత్తు మొద్దు నొకదానిని పీటగా పెట్టుకొనవలెను. చీల్చవలసిన కట్టెను ఆ పీట ఆవలి అంచున నిలిపినచో, గురి తప్పిన వేటు పీటమీదనే పడును. కట్టెను చేతితో పట్టుకొని కొట్టుట ఎన్నడును తగదు. సన్నపుల్లలకు ఒక నిరపాయమైన ఉపాయము కలదు. వాదరను కట్టెమీద ఆనించి, రెంటిని కలిపి ఎత్తి పీటమీద కొట్టవలెను. కట్టె తనంతట తానే చీలును. గొడ్డలి వెనుకభాగమును సమ్మెటగా వాడరాదు. దానిపై మరియొక సుత్తితో కొట్టరాదు. రంధ్రము వంకరపోవుటయే కాక, ఎగిరిన ఇనుపరజను కంటిలో పడవచ్చును. పనిచేయునప్పుడు రెండు గొడ్డళ్ళ దూరములో పిల్లలు ఉండకుండ చూచుకొనవలెను. ఒకరిచేతికి ఇచ్చునప్పుడు కామను ముందుంచి ఇవ్వవలెను.

పదునుపెట్టుటకు ఆకురాయియు, సానరాయియు చాలును. తిరుగుడు సానపై పట్టినచో తరచు నీళ్ళు చల్లవలెను. అంచు నీలముగా మారినచో కమ్మరి పట్టించిన నీరు అచ్చట పోయినదని తెలియవలెను. మొద్దుబారిన గొడ్డలి జారును. జారు గొడ్డలియే గాయపరచును. పదునైనది తక్కువ బలముతో పని ముగించును.

చివరకు ఇంటి ఇల్లాండ్రకు ముఖ్యమైన మాట. కట్టెను చీల్చుట పొయ్యిలో ఇముడుటకు మాత్రమే కాదు. అప్పుడే నరకిన కొయ్య బరువులో సగము వరకు నీరుండవచ్చును. బెరడు ఆ నీటిని వెలికి పోనీయదు. చీల్చిన కట్టెకు గాలి తగులు తలము పెరిగి త్వరగా ఎండును. నీరు నూటికి ఇరువది పాళ్ళకు లోబడిన కట్టె తక్కువ పొగతో మండును. ఇంటిలోని పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది. కాబట్టి వేసవిలోనే కట్టెలు చీల్చి, గాలి ఆడునట్లు పేర్చి, పైన కప్పువేసి వానకాలమునకు సిద్ధము చేసికొన్న ఇంటిలో, పొయ్యిముందు కూర్చున్న తల్లికన్నులు కొంత తేటగా నుండును.

గొడ్డలి కొనబోవువారు ఈ వరుసను మనసున నుంచుకొందురు గాక: ముందు పనికి తగిన బరువు, తరువాత తల ఆకారము, అటుపిమ్మట నాదము, ఆకురాయి పట్టు, తుదకు కామలోని పోగులు. ఈ ఐదును చూచుటకు పావుగంట పట్టును. మంచి తల దొరికినచో కామలు మార్చుకొనుచు ఏండ్ల తరబడి దానిని వాడుకొనవచ్చును. గోటితో పోవుదానికి గొడ్డలి ఎందుకని పెద్దలందురు. గొడ్డలితోనే తీరవలసిన పని వచ్చినప్పుడు మాత్రము, అది నమ్మదగినదై ఉండవలెను. సెలవు.