‘అనుకొనుము’ – చమురు బావుల లెక్కలలో ఒక మాట

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, కుటుంబ సభ్యుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



మెడికల్ బిల్లుల సంగతి, లైఫ్ సర్టిఫికెట్ గడువు సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం ‘మీ సబ్జెక్టు మీద నాలుగు మాటలు చెప్పండి, ఇంట్లోవాళ్లకు కూడా అర్థమయ్యేలా వుండాలి’ అన్నారు. నేను సర్వీసులో మొదట డ్రిల్లింగులోను, తర్వాత రిజర్వాయరు విభాగంలోను పనిచేశాను. రెండు చోట్లా నాకు తిండి పెట్టింది లెక్కలే. కనుక ఆ లెక్కల్లో దాగి వుండే ఒక చిన్న మాట గురించి మాట్లాడతాను.

ఆ మాట మనందరికీ బడిలోనే పరిచయం. ఆల్జీబ్రా లెక్క మొదలుపెట్టేటప్పుడు మాస్టారు బోర్డు మీద ‘కావలసిన సంఖ్య ఎక్స్ అనుకొనుము’ అని రాసేవారు. ‘అనుకొనుము’ అంటే ఒప్పుకున్నట్టే; ఇక ప్రశ్నలు లేవు. బడి లెక్కలో దాంతో ఇబ్బంది లేదు. చమురు బావి లెక్కలో మాత్రం ఏమి అనుకున్నామో మరిచిపోతే ప్రమాదం. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా ఉదాహరణలు.

భూమి లోపల చమురు చెరువులా నిలిచి వుంటుందని చాలామంది అనుకుంటారు. అలా వుండదు. వేసవిలో గోదావరి ఇసుకతిన్నెల మీద చెలమ తవ్వడం మీలో చాలామంది చూసే వుంటారు. పైకి పొడిగా కనిపించే ఇసుకలో నీరు రేణువుల సందుల్లో వుంటుంది. గుంట తవ్వితే చుట్టూరా వూరి అందులోకి చేరుతుంది. మన బావి అటువంటి చెలమే. ఇసుకకు బదులు గట్టిపడిన ఇసుకరాయి, రెండు మూడు వేల మీటర్ల లోతు, అంతే తేడా.

ఆ వూట ఎంత వేగంగా వస్తుందో చెప్పే సూత్రం హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరుది. దిజాన్ పట్టణానికి మంచినీటి సరఫరా చేసినాయన. ఇసుక నింపిన గొట్టంలో నీరు పోసి కొలిచి, 1856లో ఫలితాలు ప్రచురించాడు. ఆయన గొట్టంలో వున్నది నీరు ఒక్కటే. అది మెల్లగా పారింది. మన రాతిలో చమురు, గ్యాసు, నీరు మూడూ కలిసి ఒకదాని దారికి మరొకటి అడ్డం వస్తాయి. పెద్ద గ్యాసు బావి దగ్గర గ్యాసు ఎంత వేగంగా దూసుకొస్తుందంటే, అక్కడ డార్సీ సూత్రం చెప్పినదానికంటే ఎక్కువ ఒత్తిడి ఖర్చవుతుంది. 1901లో ఫోర్క్‌హైమర్ దానికి సవరణ చేర్చాడు. డార్సీ తప్పు చెప్పలేదు. తాను చూసినదానికి సరిగానే చెప్పాడు. మనం దాన్ని ఎక్కడికి మోసుకుపోతున్నామో మనం చూసుకోవాలి.

ఇక భూమిలో ఎంత సరుకు వుందన్న ప్రశ్న. 1936లో షిల్తూయిస్ అనే ఇంజనీరు ‘మెటీరియల్ బ్యాలెన్స్’ పద్ధతిని చూపాడు. రిజర్వాయరు మొత్తం ఒకటే ట్యాంకు, అంతటా ఒకటే ఒత్తిడి అనుకొనుము. ఇంత తీశాం, ఒత్తిడి ఇంత తగ్గింది, కనుక మొత్తం ఇంత వుండాలి. గ్యాసు బావులకైతే ఇది మరీ సులువు. తీసిన గ్యాసుకూ, తగిన సవరణ చేసిన ఒత్తిడికీ గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. దాన్ని సున్నా దాకా పొడిగిస్తే మొదట వున్న గ్యాసు ఎంతో తెలుస్తుంది. ఒక స్కేలు, ఒక పెన్సిలు చాలు. నేనూ వందల గీతలు గీశాను.

ఇందులో ఇమిడి వున్న ‘అనుకొనుము’ ఏమిటో మన ఇంటి మేడమీది నీళ్ల ట్యాంకు చెబుతుంది. పది బిందెలు వాడాక నీటిమట్టం ఎంత తగ్గిందో చూసి, ట్యాంకులో ఎన్ని బిందెలు పడతాయో లెక్కకట్టవచ్చు. అయితే మనం వాడుతున్నంతసేపూ కింద ఎవరో మోటారు వేసి వుంచితే? మట్టం అంతగా తగ్గదు. ‘ఓహో, మన ట్యాంకు చాలా పెద్దది’ అనుకుంటాం. భూమిలో కూడా పక్కనున్న నీరు గ్యాసు వెనకనుంచి తోసుకొస్తే ఒత్తిడి నిలబడుతుంది, గీత దూరం సాగుతుంది, లేని గ్యాసు వున్నట్టు కనబడుతుంది. నీరు బావిలోకి వచ్చిన రోజున అసలు సంగతి బయటపడుతుంది.

మన తీరంలోనే ఒక ఉదాహరణ వుంది. కాకినాడకు ఆవల లోతు సముద్రంలో కేజీ–డి6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాసు ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని ప్రణాళిక. 2010లో సుమారు 6 కోట్లకు చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పట్టి, 2013 నాటికి 2 కోట్లకు దిగువకు వచ్చింది. మొదట తెరిచిన రెండు క్షేత్రాల్లో 2020 ఫిబ్రవరిలో ఉత్పత్తి ఆగిపోయింది. అదే బ్లాకులో కొత్త క్షేత్రాలు తర్వాత వచ్చాయి. భూగర్భం అనుకున్నదానికంటే చిక్కుగా వుందని, నీరూ ఇసుకా వచ్చాయని నిర్వాహకులు అన్నారు. అనుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వ పక్షం అన్నది. ఆ తగవు తీర్చే స్థానం నాది కాదు. ఆ గ్యాసు వస్తుందన్న నమ్మకం మీద విద్యుత్ కేంద్రాలు కట్టుకున్నవారు మన రాష్ట్రంలోనే వున్నారు. అంచనా కాగితం మీద వున్న అంకెను అందరూ చదివారు. దాని కింద వుండవలసిన ‘అనుకొనుము’లను ఎందరు చదివారన్నదే నా ప్రశ్న.

రిజర్వాయరు లెక్క తప్పితే డబ్బు పోతుంది. డ్రిల్లింగు లెక్క తప్పితే మనిషి పోతాడు. అందుకే ఇప్పుడు రిగ్గు మీదికి వస్తాను.

బావి తవ్వేటప్పుడు అందులో బరువైన బురద, అంటే మడ్, నింపి వుంచుతాం. లోపలి గ్యాసును అదిమి వుంచేది దాని బరువే. మనవాళ్లందరికీ కంఠతా వచ్చిన లెక్క ఇది: మీటర్లలో లోతును మడ్ స్పెసిఫిక్ గ్రావిటీతో గుణించి పదితో భాగిస్తే అడుగున ఒత్తిడి వస్తుంది. 3000 మీటర్ల లోతు, 1.20 మడ్ అయితే చదరపు సెంటీమీటరుకు 360 కిలోలు. ఇక్కడ లోతంటే నిట్టనిలువు లోతు. ఏటవాలు బావిలో దింపిన పైపు 3400 మీటర్లుందని ఆ అంకె వేస్తే 408 వస్తుంది. లేని 48 కిలోల ధైర్యం కాగితం మీద వచ్చి చేరుతుంది.

సర్వీసులో చేరిన కొత్తల్లో ఒక లోతైన బావి మీద నాకు రాత్రి డ్యూటీ. రిగ్గు పేరూ, ఊరి పేరూ వద్దు. రాతిలో ఒత్తిడి 345 అని అంచనా, మా మడ్ ఒత్తిడి 360. పదిహేను కిలోలు మనవైపే ఎక్కువ. నిశ్చింతగా సంతకం పెట్టాను. బిట్టు మార్చడానికి పైపులు పైకి లాగుతున్నారు. పైపు బయటికి వచ్చినకొద్దీ ఆ ఖాళీలోకి మడ్ పట్టాలి. మా 5 అంగుళాల పైపు పది స్టాండ్లు వస్తే ఒక ఘనపు మీటరు పైచిలుకు పట్టాలి. డ్రిల్లరుగారు ట్రిప్ ట్యాంకు చూసి బ్రేకు వేశారు.

‘సార్, బావి తినాల్సినంత తినడం లేదు. సగమే తింది’ అన్నారు.

నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన. పెద్ద చదువులు లేవు. నేను నా కాగితం తీసి, పదిహేను కిలోలు మిగులు వుంది కదండీ, కొలతలో తేడా అయివుంటుంది, కానివ్వండి అన్నాను.

‘కాగితం సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు పైపు దించనివ్వండి’ అన్నారాయన. నేను ఔనూ అనలేదు, కాదూ అనలేదు. ఆయన ఆగలేదు. పైపు ఆపి బావి పొర్లుతోందేమో చూశారు, పొర్లడం లేదు. మెల్లగా పైపులు మళ్లీ అడుగు దాకా దించి, మడ్ తిప్పడం మొదలుపెట్టారు. అడుగునున్న మడ్ పైకి వచ్చేసరికి గ్యాసుతో నురగలు కక్కుతూ వచ్చింది. బరువు పెంచి, గ్యాసు అంతా పోయేదాకా తిప్పి, తెల్లవారాక పని కొనసాగించాం. ఎవరికీ ఏమీ కాలేదు. కనుకనే ఈ సంగతి ఏ రిపోర్టులోనూ పెద్దగా లేదు.

నా గుణకారంలో తప్పు లేదు. మడ్ కదలకుండా నిలబడి వుందనుకొనుము అని ఆ లెక్కలో వుంది. నేను దాన్ని చదవలేదు. బోరింగు పంపులో వాషరు పైకి లేస్తే నీరు వెంట వస్తుంది. అలాగే బిట్టును వేగంగా లాగితే దాని కింద ఒత్తిడి పడిపోయి గ్యాసు లోపలికి పీల్చుకొస్తుంది. నా పదిహేను కిలోలు ఆ లాగుడులోనే పోయాయి. మరికొన్ని స్టాండ్లు అలాగే లాగి వుంటే ఆ రాత్రి డెరిక్కు మీద వున్న టాప్‌మన్ ఇంటికి వెళ్లేవాడో లేదో చెప్పలేను. ఈ సంగతి ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇది పాతకాలపు ముచ్చట కాదు. 2010 ఏప్రిల్ 20న అమెరికా దగ్గర గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మకాండో బావి మీద, ఎంతో ఆధునికమైన డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గులో పేలుడు జరిగి 11 మంది చనిపోయారు. 87 రోజులు చమురు సముద్రంలోకి పోయింది. పేలుడుకు కొన్ని గంటల ముందు, బావి గట్టిగా మూసుకుందో లేదో పరీక్షించారు. డ్రిల్ పైపు మీద 1400 పి.ఎస్.ఐ. ఒత్తిడి చూపింది. పక్కన వున్న కిల్ లైనులో నుంచి మాత్రం ఏమీ రాలేదు. బావి మూసుకుని వుంటే ఆ 1400 వుండకూడదు. కాని బావి బాగుందన్న తలంపు ముందే వుంది కనుక, గేజీకే ఒక సంజాయిషీ వెతికి పరీక్ష నెగ్గిందన్నారు. నాకు మా ట్రిప్ ట్యాంకు గుర్తుకు వచ్చింది. నేనూ అదే మాట అన్నాను కదా – కొలతలో తేడా అయివుంటుంది అని.

బావి అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమవారికి వేరే చెప్పనక్కరలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో రేగిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. రాత్రిళ్లు ఆ వెలుగు చూసినవారు ఈ సభలోనే వున్నారు.

అయితే సులువు లెక్కలు వద్దా? తప్పక కావాలి. అర్ధరాత్రి బావి పొంగుతుంటే ఎవరూ కంప్యూటరు ముందు కూర్చోరు. లోతు, బరువు, గుణకారం – ఆ చిన్న లెక్కే ప్రాణాలు కాపాడుతుంది. భూమి లోపలిదంతా ఉన్నదున్నట్టు లెక్కలోకి తేవడం ఎవరివల్లా కాదు. కొంత వదిలేయాల్సిందే. కాని వదిలేసినది ఏమిటో జవాబు పక్కన రాసి వుంచాలి. కొలత వచ్చి కాదంటే ముందు మన ‘అనుకొనుము’ను అనుమానించాలి, కొలతను కాదు. ఆ రాత్రి తర్వాత రిటైరయ్యేదాకా నా ప్రతి లెక్క కింద రెండు మూడు వాక్యాలు రాసేవాణ్ణి: ఇవి అనుకున్నాను, ఇది మారితే జవాబు మారుతుంది అని. కొందరు నవ్వేవారు. నవ్వనివ్వండి.

మన పిల్లలు, మనవలు ఇప్పుడు కంప్యూటరు మీద రంగురంగుల బొమ్మల్లో రిజర్వాయర్లు చూపిస్తున్నారు. చూసి సంతోషించండి. ‘బాబూ, ఇందులో ఏమేమి అనుకున్నావు?’ అని ఒక్క ప్రశ్న వేయండి. చెప్పగలిగితే భుజం తట్టండి. తడుముకుంటే, మన డ్రిల్లరుగారి కథ చెప్పండి.

ఆయన ఇప్పుడు లేరు. బతికివుండగా ఆయనకు ఆ రాత్రి గురించి కృతజ్ఞత చెప్పలేదు. చిన్నతనం, డిగ్రీ అహంకారం అడ్డు వచ్చాయి. ఆయనలాంటివారు, వారి కుటుంబాలవారు ఈ హాలులో వున్నారు. ఆ బాకీ మీ అందరి ముందు ఇవాళ తీర్చుకుంటున్నాను.

భోజనాలు సిద్ధంగా వున్నాయట.