కింది కాలు



నటరాజాసనం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ముప్పై ఏళ్లు కుర్చీలో కూర్చుని ఫైళ్లు నడిపిన గుమాస్తాను నిలబడటం గురించి మాట్లాడమనడం కాస్త వింతే!

ఈ ఆసనంలో ఒక కాలిమీద నిలబడి, రెండో కాలిని వెనక్కి మడిచి, పాదాన్ని చేత్తో పట్టుకుని పైకెత్తాలి. రెండో చెయ్యి ముందుకు చాపాలి. సాధన ముదిరినవారు రెండు చేతులూ తలమీదుగా వెనక్కి పోనిచ్చి పాదాన్ని అందుకుంటారు. బి.కె.ఎస్. అయ్యంగార్ గారు 1966లో వెలువరించిన 'లైట్ ఆన్ యోగా'లో దీని ఫోటోలున్నాయి. అవి చూసే నేను చెడ్డాను!

ఒకనాడు మనవరాలు ఫోటో తీస్తానంటే మేడమీద, గోడకు దూరంగా నిలబడి కాలెత్తాను. మనసు పాదంమీద లేదు, ఫోటోమీద ఉంది. పక్కకు ఒరిగి పడ్డాను. మణికట్టు విరిగింది. ఆరువారాలు మా ఆవిడే అన్నం కలిపి పెట్టింది. ఆమె ఒక్కమాట అనింది: "ఎత్తిన కాలు ఊరంతా చూస్తుంది. మిమ్మల్ని మోసేది కింది కాలు గదా!"

మహాబలిపురంలో ఏడో శతాబ్దంలో పల్లవులు చెక్కించిన పెద్ద బండమీద, ఒంటికాలిపై చేతులెత్తి తపస్సు చేసే మునిని మీలో చాలామంది చూసే ఉంటారు. అర్జునుడని కొందరు, భగీరథుడని కొందరు అంటారు. కిందగా ఒక పిల్లి కూడా ముందుకాళ్లు పైకెత్తి తపస్సు నటిస్తుంటుంది, దగ్గర్లో ఎలుకలు! మనం కొంగజపం అంటామే, అది పిల్లిజపం. ఆనాడు నేను మునిని కాను, ఆ పిల్లినే.

కట్టు విప్పాక, డాక్టరు సరేనన్నాక మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఎదురుగా కదలని గురుతుమీద చూపు నిలిపి, కాలు జానెడే ఎత్తాను. కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ, ఈ మూడూ కలిసి మనల్ని నిలబెడతాయి. వయసుతో మూడూ మందగిస్తాయి. అందుకే రాత్రిపూట చీకట్లో లేస్తే తూలుతాం.

2022లో బ్రెజిల్ పరిశోధకులు ప్రకటించిన అధ్యయనంలో 51 నుంచి 75 ఏళ్ల మధ్యవారు 1,702 మంది పాల్గొన్నారు. అయిదుగురిలో ఒకరు ఒంటికాలిమీద 10 సెకన్లు నిలబడలేకపోయారు. తర్వాతి ఏళ్లలో వారిలో మరణాలు ఎక్కువగా కనబడ్డాయి. నిలబడితే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. తూలు ఉందని ముందే తెలిస్తే జాగ్రత్తపడవచ్చు.

అలిపిరి దారిలో 3,550 మెట్లంటారు. ప్రతి మెట్టుకూ ఒక క్షణం మనం ఒంటికాలిమీదే ఉంటాం. అంటే ఈ ఆసనం మనకు కొత్త కాదు.

నాకు పూర్తి నటరాజాసనం రాలేదు, ఇక రాదు కూడా. కుడికాలిమీద 20 సెకన్లు, ఎడమకాలిమీద 12. ఏటా లైఫ్ సర్టిఫికెట్ సర్కారుకిస్తున్నాను. రోజూ పొద్దున గోడముందు నాకు నేనే ఒకటి ఇచ్చుకుంటున్నాను.

బీపీ, కళ్లుతిరగడం, ఎముకల బలహీనత ఉన్నవారు డాక్టరును అడగండి. పక్కన ఒక మనిషిని ఉంచుకోండి. గోడ పట్టుకోవడం నామోషీ కాదు, పడటమే ప్రమాదం.