అరిగిన ట్రాక్టరు టైర్లతో మరికొంత కాలము



ట్రాక్టరు కొన్న ప్రతి ఇంట కొన్నేండ్లకు ఒక ప్రశ్న వచ్చును. వెనుక టైర్ల గుబ్బలు అరిగినవి, ఖరీఫు ముంచుకొని వచ్చినది. అప్పు చేసి కొత్త జత వేయుదమా, ఈ ఏడు పాత వాటితోనే గడుపుదమా? చిన్న కమతము గల రైతుకు ఆ జత ఖరీదు ఒక పంటపై మిగిలిన సొమ్మును మింగివేయగలదు. గుండైన టైరుతో దమ్ములోనికి దిగినచో డీజిలు కాలును గాని పని సాగదు.

నేను సస్యశాస్త్రము చెప్పువాడను, యంత్రముల ఇంజనీరును కాను. అయినను దీనిని గూర్చి మాట్లాడుటకు కారణము గలదు. జారుచున్న చక్రము తాను అరుగుటయే కాక నేలను కూడ చెడగొట్టును. తడి మన్నును పిసికి, రుద్ది, నునుపైన పొరగా చేయును. ఆ పొరలో నీరు దిగదు, వేరు దిగదు.

ముందుగా టైరు ఎక్కడ అరుగునో చూతము. పొలములో కన్న రోడ్డు మీద ఎక్కువ అరుగును. మెత్తని నేలలో గుబ్బలు మన్నులోనికి దిగును, బరువు టైరు అంతటికి పంచుకొనును. తారు రోడ్డుపై గుబ్బల తలలే బరువంతయు మోయవలెను. గుబ్బ ఎంత ఎత్తుగా ఉన్నదో అంతగా ఊగి రాపిడి పడును. కొత్త టైరుపై గుబ్బ ఎత్తు సుమారు 3 సెంటీమీటర్లు. రోడ్డు మీద వేగముగా అరిగిపోవునది ఆ తొలి సెంటీమీటరే. అందుచేత కొత్త జత కొనక తప్పనిచో ధాన్యము, చెరకు తోలకము మొదలగు ముందు వేయకండి. ఆ తోలకము పాత టైర్లతోనే ముగించి, తొలకరి దుక్కులకు ముందు కొత్తవి వేయండి. గట్టి మెట్ట నేలలో అరిగిన గుబ్బకు, కొత్త గుబ్బకు పట్టులో పెద్ద తేడా ఉండదు. తేడా అంతయు తడి నేలలోనే. గుబ్బ ఒక సెంటీమీటరుకు దిగిన టైరును తడి దుక్కికి నమ్మరాదని నా అభిప్రాయము. అదే టైరు తోలకమునకు, గొర్రు తోలుటకు ఇంకను పనికివచ్చును.

ఇక గాలి సంగతి. మన ఊళ్ళలో చాలమంది కర్రతో కొట్టి, కాలితో తన్ని గాలి చూతురు. కర్రకు పౌండ్లు తెలియవు. గేజీ ఒకటి ఇంట ఉంచుకొనండి. టైరు ధర ముందు దాని ధర ఏపాటిది? మామూలుగా వాడు రెండు చక్రముల చోదక ట్రాక్టర్లలో వెనుక టైర్లకు పొలములో 12 నుండి 14 పౌండ్లు, ట్రాలీ తగిలించి రోడ్డెక్కినప్పుడు అంతకు మరి కొన్ని పౌండ్లు ఎక్కువ ఉండుట వాడుక. సరియైన అంకె మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో ఉండును, దానినే పాటించండి. మనవారు చేయు పొరపాటేమనగా, తోలకమునకు ఎక్కించిన గాలితోనే దుక్కికి దిగుదురు. అప్పుడు టైరు నడుము మాత్రమే నేలను తాకి జారును, నడిమి గుబ్బలు అరుగును, నేల అణగిపోవును. గాలి మరీ తక్కువైనచో పక్క గోడ మడతపడి వేడెక్కి లోని దారములు తెగును. టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వును కోసివేయును. గాలి చూచుట చల్లబడిన టైరులోనే. నీరు నింపిన టైరైతే వాల్వు పైకి వచ్చునట్లు నిలిపి చూడవలెను.

చక్రము ఎంత జారుచున్నదో ఇంటిలోనివారే కొలుచుకొనవచ్చును. వెనుక టైరుపై సుద్దతో ఒక గీత గీయండి. దున్నవలసిన చేనిలోనే నాగలి ఎత్తి, చక్రము 10 చుట్లు తిరుగునంత దూరము నడిపి కొలవండి. అది 40 మీటర్లు వచ్చినదనుకొందము. తరువాత నాగలి దించి దున్నుచు మరల 10 చుట్లు లెక్కించండి. 34 మీటర్లు వచ్చినచో 6 మీటర్లు జారినది, అనగా నూటికి 15 పాళ్ళు. దుక్కిలో 10 నుండి 15 పాళ్ళ జారుడు సహజము. 30 మీటర్లే వచ్చినచో నాలుగవ వంతు తిరుగుడు వృథా. అప్పుడు లోతు తగ్గించండి, లేదా చక్రములకు బరువు చేర్చండి. ట్యూబులో నాలుగింట మూడు వంతులు నీరు నింపినచో ఒక్కొక్క టైరుకు నూరు కిలోలకు పైగా బరువు చేరును. జారుడు 5 పాళ్ళకన్న తక్కువైనచో బరువు అధికమైనదని గుర్తు. దమ్ముకు, తోలకమునకు ఆ నీరు తీసివేయవలెను. దమ్ములో బండి దిగబడును, రోడ్డుపై ఊరక మోయు బరువగును. దమ్మునకు దమ్ము చక్రములే మేలు. అరిగిన టైరు లోపమును అవి చాల వరకు కప్పును.

కొండబాటలలో మోటారు సైకిళ్ళు నడుపు కుర్రవారు వెనుక టైరు గుబ్బల అంచు ఒక వైపు అరగగానే టైరును విప్పి తిప్పి వేసికొందురు. అరగని అంచు ముందుకు వచ్చి నేలను పట్టును. మంచి ఉపాయమే గాని పొలములో దిగు ట్రాక్టరుకు పనికిరాదు. ట్రాక్టరు వెనుక నిలిచి చూచినప్పుడు గుబ్బల బాణము మొన పైకి ఉండవలెను. అట్లున్నప్పుడే గుబ్బలు బురదను పక్కలకు నెట్టివేయును. తిరగవేసినచో బురద గుబ్బల నడుమ ఇరికి టైరు గుండుతో సమానమగును. రెక్కనాగలితో దున్నునప్పుడు కుడి చక్రము చాలులో, ఎడమది గట్టున నడచును గనుక రెండును సమముగా అరుగవు. కుడి ఎడమలు మార్చదలచినచో టైరును రిమ్ము నుండి విప్పించి, బాణము సరిచూచి వేయించండి.

పత్తి, కంది చేలలో కట్టెను కొడవలితో ఏటవాలుగా కోసిన మోళ్ళు బల్లెములవలె నిలుచును. అరిగిన టైరుకు అవే పెద్ద శత్రువులు. వీలైనంత వరకు కట్టెను పెరికించండి, లేదా నేలమట్టముగా కొట్టించండి. గంటు పడినచో చిన్నదిగా ఉన్నప్పుడే వల్కనైజింగు చేయించవలెను. పని లేనప్పుడు బండిని నీడన ఉంచండి. డీజిలు, గ్రీజు టైరుపై పడినచో సబ్బునీటితో కడిగివేయండి.

కొత్త రబ్బరు వేయించదలచినవారు గుబ్బలు పూర్తిగా పోక ముందే, దారముల పొర బయటపడక ముందే టైరును పంపవలెను. పొర దెబ్బతిన్న టైరుకు రబ్బరు వేయుట దండుగ. టైరు రిమ్మునకు కూర్చొనునట్లు గాలి పట్టునప్పుడు 35 పౌండ్లు దాటనీయకండి, ఎదురుగా నిలబడకండి. అంచు ఎగిరి ప్రాణము తీయగలదు.

ఇప్పటి వరకు చెప్పిన పొదుపంతయు వెనుక టైర్లకే. ముందు టైర్ల చుట్టుపట్టీలు అరిగినచో తడిసిన చెరువు కట్టపై చక్రము తిప్పినను బండి తిరుగదు, తిన్నగా పోవును. ఒక అంచే అరుగుచున్నచో ముందు చక్రముల వరుస తప్పినదో, స్టీరింగు కడ్డీల కీళ్ళు వదులైనవో మెకానిక్కుచే చూపించండి. కొత్త టైర్లు వేసినను ఆ దోషము సరిచేయనిచో అవియు అట్లే అరుగును. పట్టీలు పోయిన ముందు టైర్లను మరొక పంటకు ఉంచక మార్చివేయండి.