గ్రానైటులోని నల్లని ముద్దలు

పెగడపల్లి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మనకు ఎటు చూచినను గ్రానైటు గుట్టలే. ఈ శిలలలో పెక్కింటి వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములు. గ్రానైటును చీల్చినపుడు ఒక్కొక్కచో అరచేయంత, గుమ్మడికాయంత నల్లని ముద్దలు కానవచ్చును. ఇవి ఎచ్చటివి?

శిలాద్రవము పైకి వచ్చుచు, దారిలోని పాతరాతిని పెకలించి తెచ్చెనని ఒక సమాధానము. అట్టి ముక్కలకు తరచుగా కోసుదేరిన అంచులుండును. గ్రానైటు ఇంకను ద్రవముగా నుండగనే, అడుగునుండి బసాల్టు ద్రవము అందు చొచ్చెనని మరియొకటి. మొదటిదాని వేడిమి సుమారు 700 నుండి 900 డిగ్రీలు. రెండవదానిది 1,100 పైమాట. కాగిన బెల్లపుపాకము చన్నీట ముద్దకట్టినట్లు, బసాల్టు అందులో ముద్దకట్టినది.

సాక్ష్యమేమందుమా? ముద్ద గుండ్రనిదై, అంచున రేణువులు మరింత సన్ననివైనచో, అది త్వరగా చల్లారినదన్నమాట. గ్రానైటులోని పెద్ద ఫెల్‌స్పారు స్ఫటికము ముద్దలోపలను కనిపించినచో, రెండును మెత్తగా నున్నపుడే అది ఇటు దాటినదని గ్రహింపవచ్చును.

నున్నని పలకలు కోరు వ్యాపారికి ఈ మచ్చ దోషము. భూచరిత్ర చదువువారికి ఇదియే శాసనము. కరగిన గుట్టను మనము మరల నిలుపలేము. పారవేయు రాళ్లలో ఇట్టిదొకటి మన పాఠశాల ముంగిట నిలిపిన, పిల్లలకది చాలినంత పాఠము.