తిలలు పితృకార్యమునకే గాదు, దేహపుష్టికిని



నువ్వులనగానే మనలో చాలమందికి తర్పణము, శనిదానము మాత్రమే స్ఫురించును. అందుచేత కొన్ని ఇండ్లలో వాటిని అశుభమని తలచి వంటలో వాడుటయే మానుచున్నారు. ఈ భయము శాస్త్రసమ్మతము కాదని మేము మనవి చేయుచున్నాము.

పిండము పెట్టునది అన్నముతోనే. అంతమాత్రమున అన్నము మానితిమా? చమకము నాలుగవ అనువాకములో వ్రీహులు, యవలు, మినుములతో పాటు తిలలును తనకు కలుగవలెనని భక్తుడు కోరుచున్నాడు. అశుభమైన దానిని ఎవడైనను భగవంతుని అడుగునా? సూర్యాస్తమయానంతరము తిలలు కలిసిన పదార్థము భుజింపరాదని మనుస్మృతి చెప్పుచున్నది. రాత్రికి నిషేధించుటలోనే పగటికి అనుమతి యున్నది గదా! పుష్య బహుళ ఏకాదశినాడు విధింపబడిన ఆరు తిలవినియోగములలో భక్షణమును ఒకటి.

ఇక దేహము మాట. పొట్టు తీయని నువ్వులు 100 గ్రాములలో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు, 50 గ్రాముల నూనె, 900 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము, కొంత ఇనుము ఉన్నవి. కాల్షియములో అధికభాగము పొట్టులోనిదే. పొట్టు తీసినచో అది చాల తగ్గిపోవును. అయితే ఆ పొట్టులోని ఆక్సలేటు వలన కాల్షియమంతయు ఒంటబట్టదు. కనుక నువ్వులను పాలు, పెరుగు, ఆకుకూరలకు తోడుగా గ్రహింపవలెనే గాని బదులుగా గాదు.

గింజను నమలక మ్రింగినచో సారము దక్కదు. దోరగా వేయించి పొడి చేసికొనుట మేలు. దినమునకు ఒక పెద్ద చెంచాడు, అనగా సుమారు 10 గ్రాములు చాలును. నూనెగింజ గనుక అతిగా తిన్నచో శరీరము బరువెక్కును. నువ్వులు తినగానే దద్దుర్లు, ఆయాసము కలుగువారు పూర్తిగా మానవలెను.

రజస్వలయైన ఆడపిల్లకు నువ్వులు, బెల్లము దంచి చిమ్మిలి పెట్టిన మన పెద్దలకు ఈ లెక్కలు తెలియవు; ఫలము తెలియును. తెలంగాణమున సంక్రాంతి సకినాలలోను నువ్వులు పడవలసినదే. పెద్దలు శుభవేళ పెట్టిన దానిని మనము అశుభమని త్రోసివేయుట తగునా?

ఇంటిల్లపాదికి వడ్డించి, మిగిలినది తిను గృహిణికి ఎముకల బలము మరింత అవసరము. నువ్వుల పొడి కలిపిన ముద్ద ముందుగా ఆమె విస్తరిలో పడునట్లు చూడుడు. సంతతి ఆరోగ్యముగా నున్ననే గదా పితృదేవతలకు తృప్తి!

శుభం భూయాత్.