అంగడిలో దైవసన్నిధి
(శ్రమకాలపు కూటమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటమున నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు నన్ను కోరినారు. నేను బోధకుడను కాను, వర్తకుడను. కావున నాకు తెలిసిన అంగడి మాటయే చెప్పెదను.

భస్మ బుధవారము మొదలు ఈస్టరుకు ముందటి శనివారము వరకు 46 దినములు. అందులో 6 ఆదివారములు తీసివేసిన 40 మిగులును. ప్రభువు అరణ్యమున ఉపవసించిన 40 దినములకు ఇవి జ్ఞాపకార్థము. ఈ దినములలో కొందరు మాంసము మానుదురు, కొందరు ఒక పూట భోజనము మానుదురు. మంచిదే. అయితే భస్మ బుధవారమున అనేక దేవాలయములలో చదువబడు మత్తయి సువార్త 6వ అధ్యాయము ఇంకొక సంగతి గుర్తు చేయుచున్నది. దానమైనను, ప్రార్థనయైనను, ఉపవాసమైనను నలుగురి మెప్పు కొరకు చేయరాదనియు, మరుగున జరుగుదానిని చూచు దేవుడున్నాడనియు దాని సారాంశము. ఆ ఎఱుక లేని ఉపవాసము వట్టి ఆకలియే గదా!

మరి ఆ ఎఱుక దినమంతయు నిలుచుట ఎట్లు? ఉదయము అంగడి తలుపు తీసినది మొదలు రాత్రి లెక్క కట్టువరకు మనకు ఊపిరి సలుపదు. ప్రార్థనకు తీరిక ఏదని మన వర్తకులు అడుగుట సహజమే. దీనికి ఒక వంటవాని జీవితము జవాబు చెప్పుచున్నది.

17వ శతాబ్దమున లొరేను ప్రాంతమున పుట్టిన నికొలా హెర్మాన్ అను నతడు మొదట సిపాయి. పిదప 1640లో పారిస్ నగరములోని కార్మెలు మఠమున చేరి లారెన్సు అను పేరు పొందెను. పాండిత్యము లేనివాడగుటచే అతనికి వంటశాల అప్పగించిరి. ఆ పని అతనికి స్వభావముచేత ఇష్టము కాదు. అయినను అనేక సంవత్సరములు చేసెను. నలుగురు నాలుగు వైపుల నుండి కేకలు వేయుచున్నను, గుడిలో మోకరించినప్పటి నెమ్మదియే పొయ్యి దగ్గరను తనకు కలదని చెప్పెడివాడు. ప్రార్థన వేళ వేరు, పనివేళ వేరు అను భేదము అతనికి లేదు.

మన వర్తకులకు ముచ్చటైన విషయమొకటి కలదు. మఠమువారు అతనిని ద్రాక్షారసము కొనుటకు బుర్గుండీ ప్రాంతమునకు పంపిరి. అతనికి బేరము చేయు నేర్పు లేదు. కాలు అవిటిది. పడవలో పీపాలమీద దొరలుచు తప్ప కదలలేకపోయెను. ఈ పని నీదే ప్రభువా అని దేవునికి అప్పగించి బేరము చేసెను. పని సవ్యముగా నెరవేరెను. అతడు 1691లో మరణించిన పిదప, అతని మాటలను, ఉత్తరములను జోసెఫ్ ద బోఫోర్ అను గురువు అచ్చువేయించెను.

ఈ స్థితి అతనికి ఒక్కనాట అబ్బలేదు. మొదటి పది సంవత్సరములు మిక్కిలి బాధపడితినని అతడే వ్రాసెను. మనస్సు తప్పిపోయినప్పుడెల్ల చింతించుచు కూర్చుండక మరల దేవునివైపు త్రిప్పుకొనెడివాడు. ఆ అభ్యాసమునకు ఈ 40 దినములు మనకు ప్రారంభము కావలెను.

మన పెద్దలు ఈ పరభాషా ప్రాంతములకు వచ్చి అంగళ్లు పెట్టిన కాలమున వారికి ఇచ్చటి మాట సరిగా రాలేదు. వారి తూకమును చూచి జనులు నమ్మిరి. ఆ నమ్మకమే నేడు మనము తినుచున్న అన్నము. కొనుటకు ఒక రాయి, అమ్ముటకు ఒక రాయి ఉంచుకొనరాదని ద్వితీయోపదేశ కాండము 25వ అధ్యాయము శాసించుచున్నది. నేడు రాళ్లకు బదులు అంకెలు చూపు కాటాలు వచ్చినవి. కాటా మారినను దాని వెనుక నున్న మనిషి మారలేదు. చదువురాని ముసలమ్మ చేతిలోని నోట్లన్నియు మన ముందు పెట్టి, నీకు రావలసినది తీసుకొమ్ము నాయనా అని అన్నప్పుడు, ఆ నిమిషమున మన అంగడియే దేవాలయము. అక్కడ చూచువారు మరెవ్వరును లేరు, దేవుడు తప్ప.

గల్లాపెట్టె పైన ప్రభువు పటము తగిలించుట సులభము. ఆయన మన కాటాను చూచుచున్నాడని నమ్మి వ్యాపారము చేయుటయే కష్టము. ఇతర మతములకు చెందిన మన సంఘ సభ్యులకును ఇది క్రొత్త మాట కాదు. లాభము, రెండు, మూడు అని కొలుచునప్పుడు మొదటి కొలతను మనము లాభమని పిలుతుము. ఆ మాట పలుకుచున్నప్పుడే దేవుని కూడ తలచుకొనుడు. దానికి వేరే తీరిక అక్కరలేదు.

ఈస్టరు పండుగ వచ్చును, ఉపవాసములు ముగియును, మరునాడు మరల అంగళ్లు తెరచెదము. ఆ దినమున మన తూకము ఎట్లుండునో, ఈ 40 దినములలో మనము నేర్చినది అంతియే.