వార్ధక్యము – అనుబంధ ఆరోగ్య బీమా
(మన సంఘపు సర్వసభ్య సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదికి కవిసమ్మేళనము, సంక్రాంతికి ముగ్గుల పోటీ జరుగు ఈ వేదికపై బీమాను గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత సంకోచించినాను. నేను బీమా నిపుణుడను కాను. ముప్పది అయిదేండ్లు ప్రభుత్వ కార్యాలయములో ఫైళ్ళు నడిపినవాడను. అయితే ఈ విషయములో ఒక తప్పు చేసి, దాని మూల్యమును నావారు చెల్లించుట కన్నులార చూచినవాడను. ఆ యోగ్యతతోనే మీ ముందు నిలిచినాను.

మా బావగారు కూడ కేంద్ర ప్రభుత్వోద్యోగియే. పదవీ విరమణ చేసిన పిమ్మట కోనసీమలోని స్వగ్రామమునకు వెళ్ళి స్థిరపడినారు. ఆ దాపున సి.జి.హెచ్.ఎస్. వైద్యశాల లేదు గనుక, పింఛనుతో నెలనెలా వచ్చు వైద్య భత్యమే చాలునని కార్డు తీసికొనలేదు. 2016లో నేను ఊరికి వెళ్ళినప్పుడు ఒక ఏజెంటు ఆరోగ్య బీమా దరఖాస్తు తెచ్చినాడు. అక్షరములు మరీ చిన్నవిగా ఉన్నవని బావగారు ఆ కాగితములు నా చేతికిచ్చి, "ఢిల్లీ ఆఫీసువాడివి, నువ్వే పూర్తిచెయ్యవోయ్" అన్నారు. మధుమేహము కలదా అను ప్రశ్నవద్ద నేను ఆగినాను. ఆయనకు అప్పటికే ఎనిమిదేండ్లుగా చక్కెర జబ్బు ఉన్నది. "ఈ వయసులో అందరికీ ఉండేదేనండీ, అది రాస్తే ప్రీమియం పెరుగుతుంది" అన్నాడు ఏజెంటు. నేను "లేదు" అని వ్రాసినాను.

రెండేండ్లకు బావగారికి గుండెపోటు వచ్చినది. ఆసుపత్రి ఖర్చు నాలుగు లక్షలు దాటినది. ఆసుపత్రివారి కాగితములలో "పదేండ్లుగా మధుమేహము" అని ఉండుటచేత, జబ్బు దాచినారను కారణముపై కంపెనీ క్లెయిమును త్రోసివేసినది. మా అక్కయ్య కొబ్బరితోటలో అర ఎకరము అమ్మి ఋణము తీర్చినది. దైవానుగ్రహమున బావగారు కోలుకొన్నారు. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. అక్కయ్య మాత్రము ఒకనాడు అన్నది: "తోట పోతే పోయిందిరా తమ్ముడూ. నన్నడిగితే చెప్పేదాన్ని గదా! రోజూ ఆయనకు మాత్రలు ఇచ్చేది నేనే."

ఆ మాట నేటికిని నా చెవిలో ఉన్నది. నేను చెప్పదలచినదంతయు ఆ మాటనుండి పుట్టినదే.

చిల్లు ఎక్కడ ఉన్నదో తెలియక అతుకు వేయలేము. అనుబంధ బీమా అతుకు వంటిది. కనుక మన చేతిలో ఉన్న వస్త్రమును మొదట విప్పి చూడవలెను. మన వస్త్రము 1954లో ఢిల్లీలో ఆరంభమైన సి.జి.హెచ్.ఎస్. పింఛనుదారుడు వేతన స్థాయిని బట్టి నెలకు రూ. 250 మొదలు రూ. 1,000 వరకు చందా చెల్లించవలెను; లేదా పదేండ్ల చందా ఒక్కసారి చెల్లించి యావజ్జీవితపు కార్డు పొందవచ్చును. ఏడవ స్థాయినుండి పదునొకండవ స్థాయి వరకు గలవారికి నెలకు రూ. 650 చొప్పున ఆ మొత్తము రూ. 78,000 అగును. వయస్సు ఎంతైనను, ఏ జబ్బు ఉన్నను ఇది లభించును. బజారులో ఏ పాలసీయు ఈ ధరకు ఈ మాట ఇవ్వజాలదు.

స్వగ్రామమునకు వెళ్ళువారు ఇక్కడనే పొరపడుచున్నారు. సి.జి.హెచ్.ఎస్. లేని ప్రాంతములో ఉండువారికి వైద్య భత్యము కలదు. 2017 జులై నుండి అది నెలకు రూ. 1,000. ఈ భత్యము రోజువారీ మందులకు ఉద్దేశించినది. భత్యము తీసికొనుచునే, చందా చెల్లించి, ఆసుపత్రిలో చేరు చికిత్సకు మాత్రము సి.జి.హెచ్.ఎస్. కార్డు పొందు మార్గము కూడ ఉన్నది. మా బావగారికి ఈ సంగతి తెలియదు. నేనును తెలిసికొని చెప్పలేదు. పునాది విడిచి మేడ కట్టబోయినాము.

డెబ్బది యేండ్లు నిండినవారికి 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన ఆరంభమైనది. ఆదాయముతో నిమిత్తము లేకుండ ఏడాదికి కుటుంబమునకు రూ. 5 లక్షల ఆసుపత్రి చికిత్స ఇందు లభించును. కాని సి.జి.హెచ్.ఎస్. వారు ఆ రెండింటిలో ఒక్కదానినే ఎంచుకొనవలెను. ఆయుష్మాన్ పథకములో రోజువారీ మందులు లేవు. ఒక్కసారి చేసికొను ఎంపిక గనుక తొందర పనికిరాదు.

ఇక సి.జి.హెచ్.ఎస్. లోని చిల్లులు ఏవి? పథకములో చేరిన ఆసుపత్రి మీ ఊరి దాపున లేకపోవచ్చును. ఆపద సమయమున చేరని ఆసుపత్రికి పోయినచో, ప్రభుత్వము నిర్ణయించిన రేటు మేరకే సొమ్ము తిరిగి వచ్చును. తక్కినది మనమే భరించవలెను. గది తరగతి కూడ మూల వేతనమును అనుసరించియే ఉండును. ఢిల్లీలోనో హైదరాబాదులోనో కార్డుతో హాయిగా నడచిపోవువారికి అనుబంధ పాలసీ అత్యవసరము కాకపోవచ్చును. ఆ ప్రీమియమును ఏటేట బ్యాంకులో వేసికొన్నను తప్పు లేదు. ఆసుపత్రులు దూరమైన ఊళ్ళకు పోవువారికి మాత్రము అది నిజముగా అవసరము.

అట్టివారు మొదట అడుగవలసినది టాప్-అప్, సూపర్ టాప్-అప్ అను రెండింటికి గల భేదము. పేరులు ఒక్కతీరుగ ఉన్నను ఫలితము వేరు. రెండింటిలోను నిర్ణీతమైన మొదటి భాగము మనది, ఆపైనది కంపెనీది. ఆ మొదటి భాగము రూ. 5 లక్షలనుకొందము. ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరి, ఒక్కొక్కసారి రూ. 4 లక్షలు ఖర్చైనది. సాధారణ టాప్-అప్ ప్రతి పర్యాయమును విడిగా లెక్కించును గనుక ఒక్క రూపాయి ఇవ్వదు. సూపర్ టాప్-అప్ ఏడాది ఖర్చును కలిపి రూ. 8 లక్షలుగా లెక్కించి, రూ. 3 లక్షలు ఇచ్చును. మొదటి భాగము మన సంచినుండి కాక సి.జి.హెచ్.ఎస్. నుండి వచ్చినను అంగీకారమేనా అని పాలసీ పత్రములోనే చూచుకొనవలెను. ఏజెంటు నోటిమాట చాలదు.

రెండవది, గది అద్దె పరిమితి. పాలసీ రోజుకు రూ. 5,000 అనుమతించగా మీరు రూ. 10,000 గదిలో చేరినచో, పోవునది అద్దెలోని తేడా మాత్రమే అనుకొనుట పొరపాటు. వైద్యుల రుసుము, ఆపరేషను థియేటరు వంటి ఖర్చులలో కూడ అదే నిష్పత్తిలో సగము కోతపడవచ్చును. మూడవది, ప్రతి బిల్లులో ఇంత శాతము మీరే భరింపవలెనను షరతు. వృద్ధుల పాలసీలలో ఇది తరచుగా కనిపించును. ఇరువది శాతమన్నచో, రూ. 5 లక్షల బిల్లులో రూ. 1 లక్ష మీది. ప్రీమియము చవుకగా కనిపించినచోట ఈ షరతును వెదకవలెను. నాల్గవది, కంటిశుక్లము, మోకాలి చిప్ప మార్పిడి వంటి చికిత్సలకు విడిగా విధించిన పరిమితులు. మన వయస్సులో వచ్చునవి ఇవియే గదా!

అయిదవది, నిరీక్షణ కాలము. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు ఈ కాలము 36 నెలలకు మించరాదని 2024 ఏప్రిల్ 1 నుండి నియమము వచ్చినది. పూర్వము 48 నెలలు ఉండెడిది. వయోపరిమితి నిబంధన కూడ అప్పుడే తొలగినది. అయినను దరఖాస్తును అంగీకరించుటయో మానుటయో కంపెనీ చేతిలోనిదే. కనుక యాభై ఎనిమిదవ ఏట, ఉద్యోగములో ఉండగనే పాలసీ తీసికొన్నవాడు అరువది రెండవ ఏటికి నిరీక్షణ దాటి నిశ్చింతగా ఉండును. డెబ్బదియవ ఏట మేలుకొన్నవాడు డెబ్బది మూడు వరకు ఎదురు చూడవలెను.

ఖర్చు మాట. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతముగా ఉండిన జి.ఎస్.టి. తొలగినది. అరువది దాటినవారి ప్రీమియమును ఏడాదిలో పది శాతమునకు మించి పెంచదలచిన కంపెనీ ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదించవలెనని 2025 జనవరిలో ఆదేశము వెలువడినది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయము మన హైదరాబాదులోనే ఉన్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది సత్యము. దరఖాస్తులోని ప్రతి ప్రశ్నకు ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు. ప్రీమియము పెరిగిన పెరుగనిండు. నిరీక్షణ ఉన్నచో ఉండనిండు. 60 నెలలు ఎడతెగక నడచిన పాలసీ క్లెయిమును, మోసము ఋజువైననే తప్ప, జబ్బు చెప్పలేదను కారణముపై త్రోసివేయరాదని నేటి నియమము. అయినను ఆ రక్షణను నమ్ముకొని అసత్యము వ్రాయుట వివేకము కాదు. గుండెపోటు అరువది నెలలు ఆగి రాదు. పాలసీ చేతికి వచ్చిన తరువాత 30 దినములలో చదివి, నచ్చనిచో త్రిప్పి పంపవచ్చును. ఆ ముప్పది దినములు నిద్రపోవద్దు.

సి.జి.హెచ్.ఎస్., పాలసీ రెండును ఉన్నవారు రెంటినుండియు సొమ్ము కోరవచ్చును. అసలు బిల్లులు ముందు కంపెనీకి ఇచ్చి, వారు ఎంత ఇచ్చినదియు ధ్రువపత్రము పొంది, మిగిలినదానికి నకళ్ళతో సి.జి.హెచ్.ఎస్. కు దరఖాస్తు పెట్టుకొనవలెను. రెండును కలిపి అసలు ఖర్చును మించరాదు. కంపెనీ అన్యాయముగా నిరాకరించినచో మొదట వారికే ఫిర్యాదు చేసి, తీరనిచో ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు. రూ. 50 లక్షల వరకు పరిహారము ఇప్పించు అధికారము వారికి కలదు. మేము ఆ గడప తొక్కలేదు. "లేదు" అను మాట వ్రాసిన చేయి నాదే గనుక, ఏ ముఖము పెట్టుకొని పోగలను?

సోదరీమణులకు ఒక ప్రత్యేక మనవి. మన ఇండ్లలో బీమా కాగితములు మగవారి బీరువాలో ఉండును. మాత్రల డబ్బా ఆడవారి చేతిలో ఉండును. ఈ రెండును ఒక్క బల్లమీదికి రావలెను. దరఖాస్తు నింపునాడు ఇంటి ఇల్లాలు ప్రక్కన కూర్చుండి, ఏ జబ్బు ఎప్పటినుండి ఉన్నదో, ఏ మాత్ర వాడుచున్నారో చెప్పవలెను. సి.జి.హెచ్.ఎస్. కార్డు, పాలసీ, మందుల చీటీలు ఒక్క సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడ ఉన్నదో ఇంటిల్లిపాదికి తెలియునట్లు చేయవలెను. ఆపద వచ్చునది అర్ధరాత్రి. అప్పుడు వెదకులాట కుదరదు.

నిరుడు వేసవిలో కోనసీమ వెళ్ళినాను. బావగారు ఇప్పుడు సి.జి.హెచ్.ఎస్. కార్డు తీసికొన్నారు. అక్కయ్య ఆ సంచిని దేవుని గదిలో మేకుకు తగిలించినది. అమ్మిన తోట గట్టు మీదుగా మేమిద్దరము నడచి వచ్చుచుండగా, "నీ కాగితాలు నింపావా తమ్ముడూ? మీ ఆవిడనడిగే నింపావా?" అన్నది.

అడిగియే నింపినానని చెప్పగలిగినాను. మీలో ప్రతి ఒక్కరును ఆ జవాబు చెప్పగల స్థితిలో ఉండవలెనని కోరుచున్నాను.